నలభై సెకన్లు

"మూడే సెకన్లు సార్!" కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి బోర్డు స్విచ్చి వేసి గంతేసినంత పని చేసింది.

అది వెంటిలేటర్‌లో పెట్టే సర్క్యూట్ బోర్డు. స్విచ్చి వేసినప్పుడల్లా, మెమరీకి వెళ్లే ఒక్కో తీగలో సంకేతం ఏ క్షణానికి అందుతోందో మొదటినుంచీ కొలిచి సరిచూసుకునేది. దానికి నలభై సెకన్లు; అప్పటిదాకా వెంటిలేటర్ ఊపిరి అందించదు. ఈ అమ్మాయి పాత కొలతల్ని దాచిపెట్టి, అవి ఇంకా సరిపోతున్నాయో లేదో మాత్రం చూసుకునేలా ప్రోగ్రాం మార్చింది.

"పాత ప్రోగ్రాం రాసిన మహానుభావుడికి ఇది తట్టలేదా సార్?"

"తట్టింది," అన్నాడు పెద్ద ఇంజనీరు. "ఎప్పుడో ఓసారి వేసే స్విచ్చికి తొందరేముందిలే అని వదిలేశాడు. మళ్లీ వెయ్యమ్మా."

వేసింది. మూడు సెకన్లకే బోర్డు సిద్ధమైంది. ఆయన పెదాలు మాత్రం ఇంకా అంకెలు లెక్కపెడుతూనే ఉన్నాయి.

"సార్, ఎప్పుడో వచ్చేసింది!"

ఆయనకు వినపడలేదు. "ముప్ఫై ఒకటి," అని పైకే అని ఆగాడు.

"నలభై కదా సార్?"

"యంత్రానికి నలభై. ఆస్పత్రిలో కరెంటు పోయొచ్చిన రోజు, వెంటిలేటర్ మీదున్న మా ఆవిడ ముప్ఫై ఒకటి దాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ మహానుభావుణ్ణి నేనేనమ్మా."