తాడుకు ఇవతల

"తాడు దాటకండి సార్," అన్నాడు వడ్రంగి. పొద్దున్నుంచి పిల్లలకీ ఇదే మాట అని అని అతని గొంతు అరిగిపోయింది.

గట్టు వెంట అడ్డంగా కట్టిన తాడు దాటి పడవ ఎక్కబోయిన ఆఫీసరు కాలు వెనక్కి తీసుకున్నాడు. "దగ్గరికెళ్ళకుండా రిపోర్టు ఎలా రాసేదయ్యా? నాకూ ఇవాళ ఇది మూడో చెరువు, ఓపిక లేదు. పోయినేడు ఇక్కడ ఒక్క కొంగ గూడూ లేదన్నారు. ఈసారీ లేకపోతే చెరువు పూడ్చి గోదాములు కడతారు. నా చేతుల్లో ఏమీ లేదు."

"మనిషి అలికిడైతే గుడ్లొదిలేసి పోతాయి సార్. అందుకే ఊరంతా కూడబలుక్కుని ఆ దిక్కున వలలు వెయ్యడం మానేశాం. బట్టలుతికే రేవు కూడా ఇటు మార్చాం."

"రేవు మారిస్తే మోత ఎవరిది? ఆడవాళ్ళది," అంది వడ్రంగి పెళ్ళాం, గట్టు మీద కూలబడి. చెరువు పోతే చేపలు పోతాయి, చేపలు పోతే ఊరు పోతుంది. అది తెలిసే ఇన్నాళ్ళూ మోసింది. తెలిసినంత మాత్రాన నడుం నొప్పి తగ్గుతుందా ఏంటి?

ఆఫీసరు బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాడు. నీళ్ళ మధ్య దిబ్బ మీద, పొదల్లో, కొంగలు గూళ్ళలో ఒదిగి కూర్చున్నాయి.

"ఉన్నాయే. కానీ బొత్తిగా కదలవేం?"

వడ్రంగి తాడు ముడి ఇంకాస్త బిగించాడు. "పొదుగుతున్నాయి కదా సార్. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడూ అంతే, మంచం దిగేది కాదు."

"అవును, నీళ్ళన్నీ నువ్వే మోశావు పాపం," అంది ఆమె.

ఆఫీసరు నవ్వాడు గానీ బైనాక్యులర్ దించలేదు. వడ్రంగికి ఆ నిమిషం గడిచేలా లేదు. నెల్లాళ్ళుగా కొట్లో పని కట్టిపెట్టి ఈ చెరువు పట్టుకునే వేలాడుతున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఈ మనిషి పడవెక్కాడంటే ఊరి కష్టమంతా నీళ్ళపాలే. భయంగా ఉంది అతనికి, అంతకు మించి విసుగ్గా ఉంది. ఏదో ఒకటి తేలిపోతే ఇంటికెళ్ళి పడుకోవాలనుంది.

"అదిగో, చివరి గూట్లోది లేచింది," అన్నాడు ఆఫీసరు. "నిలబడి ముక్కుతో గుడ్లు సర్దుకుంటోంది. చాలయ్యా, ఇక పడవ అక్కర్లేదు. గూళ్ళున్నాయని రాసేస్తా."

పెళ్ళాం గబుక్కున లేచి వచ్చి వడ్రంగి చెయ్యి పట్టుకుంది.

"నిజంగా లేచి నిలబడిందా బాబూ?" అని ఆఫీసరునే అడిగింది.

"నమ్మకం లేకపోతే మీరే చూసుకోండి."

వడ్రంగి బైనాక్యులర్ అందుకుని చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

అతను చెక్కి పెట్టిన కొంగల్లో ఒక్కదానికీ కాళ్ళు లేవు.