మూత చప్పుడు

ఆఫీసులో అందరూ ఆయన్ని మ్యూట్ సారు అంటారు.

ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే చెయ్యెత్తి ఆపేయడం ఆయన అలవాటు.

ఆ చెయ్యి లేచేలోపే విషయం చెప్పేయాలని, ఆయన కింద పనిచేసే ఆమె బస్సులో దారిపొడుగునా సాధన చేసుకుంటూ వచ్చింది. తీరా ఆయన అద్దాల గదిలో నిలబడేసరికి సాధన చేసిందంతా మర్చిపోయింది.

ఆమెకి అయిదో నెల. పోయినసారి కడుపు నిలవలేదు. ఈసారి బస్సు కుదుపులు పనికిరావని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

కాన్పు దాకా ఇంటి నుంచే పని చేస్తానని, ఆ తర్వాత ప్రసూతి సెలవు కావాలని ఎలాగో అనేసింది.

సెలవు సంగతి రూలు ప్రకారం చూద్దామన్నాడు. ఇంటి నుంచి పని అనగానే చెయ్యి లేచింది.

"మనది కస్టమర్ కేర్. ఫ్రిజ్ పాడైందని ఫోన్ చేసినవాళ్లకి మీ ఇంటి కుక్కర్ కూత వినిపించాలా?"

ఆఫీసుకి రానంటే ఉద్యోగం పోతుంది. వస్తే ఏం పోతుందో తలుచుకోవడానికే భయం.

ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

చివరికి ఆయనే విసుక్కుని ఒక మాట చెప్పాడు. రేపు ఒక్కరోజు ఇంటి నుంచి చేసి చూడాలి. తన తరఫున ఒకరు కస్టమర్‌లా ఫోన్ చేస్తారు.

"ఇంటి చప్పుడు వినిపించిందా, ఇంక నన్ను అడగొద్దు."

ఆ రాత్రే భర్త తలుపు బందులకి నూనె పోశాడు. కాలింగ్ బెల్ వైరు పీకేశాడు. నిద్రలో కూడా మాట్లాడే అత్తయ్య తెల్లారినప్పటి నుంచి సైగలకి దిగింది. ఉప్పు కావాలని ఆవిడ చేసిన సైగకి భర్త గొడుగు తెచ్చిచ్చాడు. నవ్వొచ్చినా ముగ్గురూ నోళ్లు నొక్కుకున్నారు.

ఫోను మోగినప్పుడల్లా ఆమెకి ఒకటే అనుమానం. ఆ ఒకరు ఇతనేనేమో.

మధ్యాహ్నం ఒక మగగొంతు ప్రతి మాటకీ గద్దించింది. ఇతనే, సందేహం లేదనుకుంది. ఆ కాల్ సజావుగా ముగిశాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

తర్వాత ఒక ముసలావిడ చేసింది.

ఫ్రిజ్ మూలుగుతోందట. ఎక్కడ మూలుగుతోందంటే ముందు తన మోకాళ్ల గురించి చెప్పుకొచ్చింది. ఎప్పుడు కొన్నారంటే, నువ్వు అన్నం తిన్నావా అని అడిగింది. మంచి జిడ్డు తగిలిందిరా అని ఆమె లోలోపల తిట్టుకుంది.

అప్పుడు పడింది వంటింట్లో మూత.

పడి ఊరుకోలేదు. గచ్చు మీద గిర్రున తిరిగి, గోడకి కొట్టుకుని, మళ్లీ తిరిగింది. పొద్దున్నుంచీ బిగబట్టుకున్న అత్తయ్య "చచ్చాన్రా దేవుడా" అని కేకేసింది.

ఆమె చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది.

ప్రతి కాల్‌లాగే ఇది కూడా రికార్డయిపోయింది.

"కంగారుపడకమ్మా, నా చేతిలో మూత జారింది. ఆ అరిచింది మా పనావిడ" అంది ముసలావిడ. "నీ గొంతు వణుకుతోంది. కాసిని మంచినీళ్లు తాగు తల్లీ."

ఆమె ఇంకో చప్పుడు పడుతుందేమోనన్న భయంతో ఫోను పెట్టేసింది.

మర్నాడు ఆయన ఆఫీసుకి పిలిచాడు. నిలబడలేకపోతోందని చూసి ఎదురుకుర్చీ చూపించాడు.

రికార్డింగ్ పెట్టాడు. మూత తిరిగింది. అత్తయ్య అరిచింది. చివర ఫోను టక్కున తెగింది.

"నా తరఫున చేసింది ఈవిడే" అన్నాడు.

ఒకప్పుడు టెలిఫోన్ ఆపరేటరట. లైనులో చిటుక్కుమన్నా పట్టేస్తుందని ఆవిడ్ని పిలిపించాడట. ఒక్కగానొక్క కొడుకు కడుపులో పడగానే ఆ ఉద్యోగం మాన్పించారట. ఆ సంగతి ఆవిడ నిన్న రాత్రి దాకా ఎవరికీ చెప్పలేదట.

కాన్పు దాకా ఇంటి నుంచే చేయమన్నాడు.

ఒక్కసారి ఆవిడతో మాట్లాడతానని ఆమె అడిగింది. పొద్దున్నే ఊరెళ్లిపోయిందని, ఫోను దగ్గర పెట్టుకోదని అన్నాడు.

సరేనని లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ మనసు ఒప్పుకోలేదు.

"ఆ మూత మా ఇంట్లోదే సార్."

ఆయన చెయ్యి లేచింది. ఎప్పటిలా పైదాకా లేవలేదు.

"తెలుసు. మా అమ్మ మీరిప్పుడు కూర్చున్న కుర్చీలో కూర్చునే, నా కళ్లెదుటే ఆ అబద్ధం చెప్పింది."