పంపను

ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. బొబ్బిలి వెళ్ళే బండికి ఇంక గంట కూడా లేదు. సంచులన్నీ వరండాలోకి చేరాయి. చేరనిది రెండేళ్ల వివేక్ ఒక్కడే.

"గదిలో ఆడుకుంటున్నాడు," అంది అమూల్య.

అత్తగారు సూరమ్మ వెళ్ళి తలుపు తోసింది. కదల్లేదు. భుజం పెట్టి తోసింది. ఊహూఁ.

"ఓలమ్మో! గుంటడు గడియెట్టేసుకున్నాడు!"

ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాడికి ఈ మధ్య గడియల పిచ్చి పట్టింది. తలుపుకి కింది గడియ కనిపిస్తే చాలు, టక్కున వేసేస్తాడు. మొన్న నాయనమ్మ స్నానానికి వెళ్తే బయట గడియ వేసి కూర్చున్నాడు. తియ్యరా బాబూ అంటే ఈ ఊరి హిందీలో "నై!" అన్నాడు. అన్నం తినరా అంటే నై. చొక్కా వేసుకోరా అంటే నై. వాడి తెలుగు 'అమ్మ' దగ్గరే ఆగిపోయింది. మిగతాదంతా నై.

ఇలాంటి మొండిఘటాన్ని బడి వయసొచ్చేదాకా బొబ్బిలిలో తామే పెంచుతామని అత్తమామలు పట్టుబట్టారు. వాళ్ళ కొడుకు ఈశ్వర్‌ది రైల్వేలో షిఫ్టు డ్యూటీ. అమూల్యది ఇదే ఊళ్ళో మోవా అనే పేటలో ల్యాబు ఉద్యోగం. పిల్లాణ్ణి చూసేదెవరని వాళ్ళ ప్రశ్న.

"నేను పంపను," అంది అమూల్య నిన్న రాత్రి.

"నీకు తెల్దు, ఊరుకో," అన్నాడు మామగారు దుర్గారావు. ఈశ్వర్ నేలచూపులు చూశాడు. అంతే, నిర్ణయం అయిపోయిందట! కన్నతల్లి మాటకి ఆ ఇంట్లో ఉన్న విలువ అది. తెల్లారాక ఆమే పిల్లాడి బట్టలు సర్దింది. దారికొచ్చిందనుకున్నారు.

"నాన్నా, గడియ తియ్యరా," ఈశ్వర్ బతిమాలాడు.

"నై!"

"బిస్కట్ ఇస్తా."

"నై!"

కిటికీకి కూలర్ బిగించి ఉంది. తొంగి చూసే దారి కూడా లేదు.

"తలుపు తోడ్ దేతా హూఁ, పగలగొట్టక ఇంకేం చేస్తాం!" అన్నాడు ఈశ్వర్.

రైలు గార్డుగా రిటైరైన దుర్గారావు ఒక్క గంతేశాడు. "చెయ్యెయ్యకు! రైల్వే క్వార్టర్రా అది. నీ జీతంలో కోసేస్తారు."

అమూల్య తలుపు దగ్గరే చతికిలబడింది. "కన్నా, అమ్మ ఇక్కడే ఉంది. చక్కగా ఆడుకో. గడియ మాత్రం ముట్టుకోకు, వేలు నలుగుతుంది."

"ముట్టుకోపోతే ఎలాగే తీస్తాడు!" సూరమ్మ తల కొట్టుకుంది.

"భయ్యా, జల్దీ! గాడీ ఛూట్ జాయేగీ!" బండి తప్పిపోతుందని బయట ఆటోవాడి గోల.

సూరమ్మ కుర్చీలో కూలబడింది. చెమట తుడుచుకుంది. గొంతులో బింకం పోయింది.

"ఒక్క గదిలోంచి బయటకి రప్పించనేకపోనాం. రేపు అక్కడ మేడమెట్లెక్కి కూకుంటే ఈ మోకాళ్ళతో నాను పరిగెట్టగలనా? నా వల్ల కాదు తల్లీ. నీ కొడుకుని నువ్వే పెంచుకో."

"అలాగే అత్తయ్యా."

"మరి ఉద్యోగం?" అన్నాడు దుర్గారావు.

"ల్యాబు పక్కనే క్రెష్ ఉంది మామయ్యా. ఉద్యోగమూ మానను."

ఈసారి ఆమెని ఊరుకోమన్నవాళ్ళు లేరు. ఆకలేస్తే వాడే తీస్తాడులెమ్మని ఆమె అనడంతో అత్తమామలు సంచులు తీసుకుని ఆటో ఎక్కారు. బండెక్కించి రావడానికి ఈశ్వరూ వెంట వెళ్ళాడు.

ఆటో మలుపు తిరిగేదాకా అమూల్య గేటు దగ్గరే నిలబడి చెయ్యి ఊపింది. లోపలికొచ్చి వీధి తలుపు వేసుకుంది.

జాకెట్టులోంచి తాళంచెవి తీసి, హ్యాండిల్ కింది రంధ్రంలో తిప్పి, వివేక్ గది తలుపు తెరిచింది.