గీత దాకా ఉన్న అత్తరు

"ఏయ్, ఇలా రా. నా అత్తరు పూసుకున్నావు కదూ?" పనిమనిషి దగ్గర వాసన చూస్తూ అన్నారు అమ్మగారు.

"లేదమ్మా!"

"అగరుచెక్క పొగ, తోలు వాసన కలిపి చేసిన ఖరీదైన అత్తరు అది. నీ ఒంటి మీదికి ఎగిరొచ్చిందా?"

అమ్మగారు బీరువాలోంచి సీసా తీశారు. తాను పెన్నుతో గుర్తుగా గీసిన గీత దాకా అత్తరు అలాగే ఉంది.

"చుక్క తగ్గలేదే! మరి ఈ వాసన ఎక్కడిది?"

పనిమనిషి వెంటనే ఒప్పుకుంది. "నేనే పూసుకున్నానమ్మా. తగ్గినంత నీళ్ళు పోశాను."

"దొంగముఖమా! ఈసారికి వదిలేస్తున్నా."

పనిమనిషి ఊపిరి పీల్చుకుంది.

ఆ సీసాను ఆమె ఎన్నడూ ముట్టలేదు. పొద్దున కుళాయి రాక స్నానం చేయలేదు. ఒంటికి అంటింది పొయ్యి పొగ, మొగుడి చొక్కా వాసన. అతనిది తోళ్ళ కార్ఖానాలో పని అని తెలిసిన రోజే రెండిళ్ళవాళ్ళు ఆమెను మాన్పించారు. ఈ అమ్మగారికి మాత్రం మొగుడు వడ్రంగి అని చెప్పింది.