నల్లరాయి కడుపులో

ఏటి ఒడ్డున నల్లరాయి, పలుగురాయి పక్కపక్కనే ఉండేవి. రాళ్లు ఏరుకునే ముసలాయన సుత్తి పట్టుకుని వస్తుంటే చూసి, పలుగురాయి తళతళలాడుతూ, "మొద్దు మొహమా, నువ్వూ ఆ మూట మోసే నత్తా అవతలికి జరగండి" అంది.

నల్లరాయి మీద పాకుతున్న నత్త కొమ్ములు ముడుచుకుంది. "అన్నా, దెబ్బ పడితే పగిలిపోతావు. బురదలోకి దొర్లిపో."

"పగలకపోతే నా కడుపులో ఏముందో ఎవరికి తెలుస్తుందమ్మా? నువ్వు దిగు" అంది నల్లరాయి.

ముసలాయన పలుగురాయిని కాలితో పక్కకు నెట్టాడు. నల్లరాయి అంచు మీద ఒక్క దెబ్బ వేశాడు. రాయి రెండు చెక్కలైంది. లోపల ఏనాటిదో సముద్రపు జీవి గుల్ల, అచ్చం నత్తగుల్లలా చుట్టలు తిరిగి, ఒక్క మెలికైనా చెదరకుండా ఉంది.

ముసలాయన చెప్పులు విడిచి, దాన్ని కండువాలో పెట్టుకున్నాడు.

నత్త వెనక్కి తిరిగి తన మూటను ఒకసారి చూసుకుంది. కొమ్ములు నిక్కించి, పలుగురాయి నెత్తి మీదుగా నడిచి వెళ్లింది.