అత్తగారి మోకాలు

ఆ కాలానికి ప్రతి ఇంట్లోనూ ఒక బదులు పెట్టె ఉండేది. విరిగిన సామాను చూపిస్తే, దాని బదులు ఇంట్లో ఏది సరిపోతుందో చెప్పేది. మస్తాన్‌రావు ఇంట్లో ఫ్యానుకి రెక్కల బదులు అట్లకాడలు తిరుగుతున్నా ఎవరూ తలెత్తి చూసేవారు కాదు.

సాయంత్రంలోగా కదలకపోతే అతని తాతల నాటి అంబాసిడర్ కారుని మునిసిపాలిటీ వాళ్ళు తుక్కుకి పట్టుకుపోతారు. ముందు చక్రం బాల్ జాయింటు విరిగింది, అలాంటిది లోకంలో ఇంకెక్కడా తయారవడం లేదు. విరిగిన ముక్కని పెట్టెకి చూపించాడు.

"దొరికింది. మీ అత్తగారి ఎడమ కాల్లో ఉన్న స్టీలు మోకాలు."

మస్తాన్‌రావు చేతిలో స్పానరు జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"మెల్లగా చెప్పవే తల్లీ, ఆవిడ వింటారు!"

అత్తగారు నాంచారమ్మ విననే విన్నారు. అల్లుడికి కావలసింది లేదనడం వాళ్ళ వంశంలోనే లేదు. పీట వాల్చుకుని, కాలు చాపి, స్క్రూడ్రైవరు తెమ్మన్నారు.

"అయ్యయ్యో, నేనడగలేదు అత్తయ్యగారూ!"

"అల్లుడు అడిగేదాకా ఆగుతానా బాబూ? కుడిది కూడా స్టీలుదే, తీసుకోండి, స్పేరుంటుంది."

"మరి మీరెలా తిరుగుతారు?"

"నాకేం లోటు? బజారుకీ, సినిమాకీ, మా చెల్లెలింటికీ రోజూ మీరే ఎత్తుకుని కారెక్కిస్తారుగా."