పోపు పెట్టినందుకు

బెజవాడ ఎండలకి మేడల కిటికీలన్నీ శాశ్వతంగా మూసేశారు. బయటికెళ్ళే గాలిలోని చల్లదనాన్ని లోపలికొచ్చే గాలికి అందించే యంత్రమే ఇప్పుడు అందరికీ ఊపిరి. మా టవర్లో దాన్ని నడిపేది నాంచారమ్మ.

కింద ఆఫీసులోంచి మేనేజర్ ఆమెకి ఫోన్ చేశాడు.

"ఏడో అంతస్తులో ఎవరో ఎండుమిర్చి పోపు పెట్టారు. ఫిల్టర్లు పాడైపోతాయి. వాళ్ళకి గాలి ఆపెయ్."

"ఫిల్టర్లు కడిగేది నేనండీ. పోపు లేని పప్పుతో ముద్దెట్టా దిగుద్ది?"

"చెప్పింది చెయ్!"

నాంచారమ్మ ఫోను కట్ చెయ్యకుండానే పక్కన పెట్టి, టీ కాచుకునే స్టవ్ వెలిగించింది. మూకుట్లో నూనె కాగాక గుప్పెడు ఎండుమిర్చి వేసింది. ఫిల్టర్ ఊడదీసి, అన్ని అంతస్తులకీ వెళ్ళే గాలిని లాగే గొట్టం నోటి దగ్గర మూకుడు పెట్టింది.

కాసేపటికి టవరంతా తుమ్మింది. ఫోన్లో మేనేజర్ తుమ్ములు ఆగడం లేదు.

"ఇప్పుడు చెప్పండి. ఎవరికి ఆపమంటారు గాలి?"